మొగలి గంజాందే, సీసా మీద ఆ పేరేది?

ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా ఛత్రపురం వైపు వెళ్లేవారికి వానాకాలంలో మొగలి పొదలు కంటికన్నా ముందు ముక్కుకే తెలుస్తాయి. పొలం గట్ల మీద, వాగుల వెంబడి, సముద్రం పక్క ఇసుక నేలల్లో ముళ్ల ఆకులతో అల్లుకుపోయి ఉంటాయి. నీరు పెట్టక్కర్లేదు, ఎరువు వేయక్కర్లేదు. గాలికి ఇసుక కొట్టుకురాకుండా, పశువులు చేలో పడకుండా కంచెగా పెంచుకున్న చెట్టే ఒడిశాలోని గంజాం జిల్లా రైతుకు నాలుగు డబ్బులు తెచ్చే పంట అయింది. దేశంలో తయారయ్యే మొగలి తైలంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఈ ఒక్క జిల్లాదే. హైదరాబాద్ బిర్యానీ మీద చల్లే కేవ్డా (మొగలి) నీరు, మిఠాయిల్లో వేసే ఎసెన్స్, అత్తరు, పాన్ మసాలా, అన్నింటికీ ప్రధాన మూలం ఇక్కడి పువ్వే. అయినా దుకాణంలో దొరికే చాలా సీసాల మీద గంజాం అన్న మాటే కనిపించదు.

ఈ పువ్వు కోయడం తేలిక పని కాదు. ఆడచెట్టుకు అనాసపండు లాంటి కాయ కాస్తుంది, దానికి ఈ పరిమళం ఉండదు. వాసనంతా మగచెట్టు పువ్వుదే. తెల్లవారుజామునే దోటి పట్టుకుని పొదల్లోకి దూరాలి. రేకుల అంచున ఉండే ముళ్లు చేతుల్ని గీరేస్తాయి. పొద్దెక్కి పువ్వు విచ్చుకునే కొద్దీ పరిమళం గాలిలో కలిసిపోతుంది కాబట్టి కోసిన కొద్ది గంటల్లో తైలం తీసే బట్టీకి చేర్చాలి. చిక్కంతా అక్కడే. మిర్చి రైతుకు కనీసం కోల్డ్ స్టోరేజీ ఉంది, ధర వచ్చేదాకా ఆగగలడు. మొగలి రైతుకు సాయంత్రం దాకా ఆగే వీలు కూడా లేదు. ఆ పూట బట్టీలో ఎంత చెబితే అంత. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత అతనికి ఏడాదికేడాది అనుభవం.

బట్టీలో పని చూడాల్సిందే. డేగు అనే పెద్ద రాగి పాత్రలో నీళ్లు పోసి, పూలు వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి బిగిస్తారు. కింద కట్టెల మంట. ఆవిరి తాడు చుట్టిన వెదురు గొట్టం గుండా పోయి, నీటి తొట్టెలో కూర్చోబెట్టిన భప్కా అనే పాత్రలో చల్లబడుతుంది. మంట ఎక్కువైతే మాడు వాసన పడుతుంది, తగ్గితే ఆవిరి రాదు. ఉత్త నీటిలోకి పడితే కేవ్డా జలం, గంధపు నూనెలోకి పట్టిస్తే అత్తరు, తైలాన్ని మాత్రం విడదీస్తే రూహ్. వేల పూలు వండితే దక్కే రూహ్ చాలా స్వల్పం. గంధం ధర ఆకాశానికి చేరాక అత్తరుకు లిక్విడ్ పారాఫిన్ వాడుతున్నారు. మొగలి వాసనకు ముఖ్య కారణమైన ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్‌ను ఫ్యాక్టరీలో చవగ్గా చేసేస్తున్నారు కాబట్టి అసలు సరుకుకు పోటీ మరీ పెరిగింది.

బట్టీల్లో చాలా భాగం ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ నుంచి వచ్చిన అత్తరు వ్యాపారులవే. వారు తెచ్చిన నేర్పు, చూపించిన మార్కెట్ లేకపోతే ఈ పువ్వు కంచెకే పరిమితమయ్యేది. ఆ మేలును కాదనలేం. కానీ పువ్వు కోసేవాడు తరాలు గడిచినా పువ్వు దగ్గరే ఆగిపోవడం మాత్రం న్యాయం కాదు.

ఊరి పేరే సరుకు విలువగా మారిన చోట్లు లోకంలో ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున లావో కొండవాలు అలాంటిది. 11వ శతాబ్దం నుంచి క్రైస్తవ సన్యాసులు, వారి తర్వాత రైతులు రాతిగోడలు కట్టి మెట్టుమెట్టుగా ద్రాక్ష నాటారు. అక్కడివారు తమ తోటలకు ముగ్గురు సూర్యులని చెప్పుకుంటారు: ఆకాశంలో ఒకడు, సరస్సు మీద మెరిసి తిరిగి వచ్చేవాడు ఒకడు, పగటి వేడిని దాచి రాత్రి వదిలే రాతిగోడ ఒకడు. ఎపెస్ అనే చిన్న ఊరి పేరు అక్కడి వైన్ సీసా మీద దర్జాగా ఉంటుంది. ఆ వాలు మీద భవనాలు లేచే ప్రమాదం వచ్చినప్పుడు లావో ఉన్న వో రాష్ట్ర ప్రజలు 1977లో ఓటు వేసి, తోటల రక్షణను తమ రాజ్యాంగంలోనే రాయించుకున్నారు. 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. స్విస్ వైన్‌లో విదేశాలకు పోయేది నూటికి ఒక పాలు మాత్రమే. తమ నేల సరుకును తామే కొనుక్కుంటారు.

గంజాంలో జరిగింది వేరు. 1990ల మధ్యలో గోపాల్‌పూర్ దగ్గర టాటా స్టీల్ కర్మాగారానికి భూసేకరణ మొదలైనప్పుడు మొగలి తోటల మీద బతికే పల్లెలు పెద్ద పోరాటమే చేశాయి. అనుకున్న ఉక్కు కర్మాగారం రాలేదు, ఆ నేల మాత్రం పారిశ్రామిక పార్కు అయింది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను సరిగ్గా ఈ తీరం మీదే విరుచుకుపడి పొదల్ని నేలమట్టం చేసింది. కొత్త కొమ్మ నాటితే పూతకు మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ నాలుగేళ్లు రైతు ఏం తినాలో ఎవరు చూశారు?

గుర్తింపు లేదని కాదు. గంజాం మొగలి పువ్వుకు, రూహ్‌కు వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు దశాబ్దం కిందటే దక్కింది. అది కాగితం మీద ఉంది, కోసేవారి కూలిలో లేదు. పది పల్లెలకొక రాగి డేగు, దాని యాజమాన్యంలో పూలు కోసేవారికి వాటా ఉంటే పొద్దెక్కేలోపు తెగనమ్ముకోవాల్సిన గతి తప్పుతుంది. కేంద్ర ప్రభుత్వ సుగంధ అభివృద్ధి సంస్థకు బరంపురంలోనే శాఖ ఉంది. శుద్ధత పరీక్ష చేసి ముద్ర వేసే బాధ్యత దానికి అప్పగించవచ్చు. కృత్రిమ ఎసెన్స్ సీసా మీద కృత్రిమం అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. మొగలి పొదలున్న ప్రభుత్వ తీరభూమిని ఏ కంపెనీకైనా ఇచ్చే ముందు పూలు కోసుకునేవారి హక్కును రాసిపెట్టాలి.

తెలుగువారికి ఇది పరాయి పువ్వు కాదు. 1936 దాకా బరంపురం, శ్రీకాకుళం ఒకే మద్రాసు పాలనలో ఉన్నాయి. శివపూజకు పనికిరాదన్న శాపం ఉన్నా పూలజడలో మొగలి రేకుకు చోటు తగ్గలేదు, ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల మధ్య పెట్టుకున్నదీ ఈ రేకే. కేవ్డా నీరు కొనే ప్రతి ఇల్లూ, ప్రతి బిర్యానీ హోటలూ ఈసారి సీసా తిప్పి చూడాలి. గంజాం పేరు లేకపోతే ఎందుకు లేదని దుకాణదారును అడగాలి.