చదవబుద్ధి కావటం లేదా?

మాచర్ల నుంచి ఒక పాఠకురాలు కిందటి నెలలో రాశారు: "డాక్టరుగారూ, పెళ్ళి కాకముందు వారపత్రిక ఇంటికి రాగానే చెల్లెళ్ళతో పోట్లాడి మరీ సీరియలు చదివేదాన్ని. ఇప్పుడు నాకు 48 ఏళ్ళు. పిల్లలు స్థిరపడ్డారు. తీరిక వుంది, పుస్తకాలూ వున్నాయి. చదవబుద్ధి మాత్రం కావటం లేదు. రెండు పేజీలు తిప్పేసరికి విసుగు, తలనొప్పి. వయసుతోపాటు సరదాలు కూడా పోతాయా? దీనికేదైనా టానిక్కు వుందా?"

అమ్మా, మీకు రెండు ముక్కల్లో జవాబు రాసి వూరుకోవచ్చు. కాని ఇవే మాటలు నేను మా ఇంట్లో కూడా విన్నాను. విని, ఏళ్ళ తరబడి తప్పుగా అర్థం చేసుకున్నాను. అందుకని కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. అక్షరాలు మసకగా వుంటే ఎవరిచేతనైనా చదివించుకోండి.

నిరుడు కోటప్పకొండ తిరునాళ్ళకు మా అక్కయ్య గురజాల నుంచి నరసరావుపేట వచ్చింది. ఆవిడకు 61 ఏళ్ళు. శివరాత్రి నాడు ప్రభల్ని చూసి వచ్చి, మర్నాడు మధ్యాహ్నం ఏమీ తోచక అటక మీది ట్రంకుపెట్టె దింపించింది. అందులో తను చిన్నప్పుడు వారపత్రికల్లోంచి వారం వారం చింపి, వరసగా పేర్చి, బైండు చేయించిన సీరియళ్ళున్నాయి. అట్టల మీద పేర్లు తన చేతి రాతే. ఒకటి తీసింది. చెయ్యి చాచింది. ఇంకొంచెం చాచింది. లేచి ట్యూబులైటు కిందికి నడిచింది. మెడ ఒక పక్కకు వాల్చి నాలుగు లైన్లు చూసి, పుస్తకం మూసి పెట్టెలో పడేసింది. "ఇవన్నీ అప్పటి సరదాలురా," అన్నది.

ఈ మాట నాకు కొత్త కాదు. ఏడెనిమిదేళ్ళ కిందట ఆవిడ చదవటం మానేసినప్పుడు ఎందుకని అడిగాను. "ఏముందిరా వాటిలో, అన్నీ ఒకటే కథలు," అన్నది. నమ్మాను. అల్లుళ్ళు, మనవళ్ళు, ఇంటి చాకిరీ, సరదా పోయింది కాబోలు అనుకున్నాను. ఆవేళ ఆ చాచిన చెయ్యి చూశాకగాని నాలోని డాక్టరు నిద్రలేవలేదు.

అంతకంటే సిగ్గుపడవలసిన సంగతి ఇంకొకటి వుంది. అక్కయ్యకు తొమ్మిదేళ్ళుగా మధుమేహం. మాత్రలు రాసిచ్చేది నేనే. మూడు నెలలకొకసారి రక్తపరీక్ష కాగితం పంపిస్తుంది. చూస్తాను, మాత్ర పెంచుతాను, అరిసెలు తిన్నావా అని కేకలేస్తాను. మధుమేహం బయటపడగానే ఒకసారి, ఆ తరువాత ఏటా ఒకసారి, చుక్కలమందు వేసి కంటిపాపను పెద్దది చేసి లోపలి పొరను పరీక్ష చేయించుకోవాలని నా దగ్గరకు వచ్చే రోగులందరికీ చెబుతాను. తోబుట్టువుకు మాత్రం తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. ఇంట్లోవాళ్ళకు వైద్యం మాటల మధ్యలో జరిగిపోతుంది, అదే దానితో వచ్చిన చిక్కు.

మర్నాడే కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. రెండు విషయాలు తేలాయి. మొదటిది చత్వారం. నలభై దాటిన ప్రతివారికీ వచ్చేదే. కంటిలో వుండే కటకం చిన్నతనంలో మెత్తగా వుండి, దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది గట్టిపడి ఉబ్బలేకపోతుంది. అప్పుడు జానెడున్నర దూరంలో పట్టుకోవలసిన పుస్తకం మూరెడు దూరానికి పోతుంది. ఇది జబ్బు కాదు. కళ్ళజోడుతో ఆ పూటే తీరిపోయే ఇబ్బంది. ఆ కళ్ళజోడు లేక మా అక్కయ్య ఎనిమిదేళ్ళు పుస్తకాల మీద నేరం మోపింది.

రెండోది అంత తేలిక కాదు. కుడికంటి రెటీనాలో, సరిగ్గా అక్షరాలు చదివే చోట, మధుమేహం వల్ల రక్తనాళాల నుంచి నీరు వూరి వాపు వచ్చింది. మెడ పక్కకు వాల్చి ఎడమకంటితో చూసింది అందుకే. నొప్పి లేదు, ఎరుపు లేదు. రెండు కళ్ళూ తెరిచి వుంటే ఒక కంటి లోపాన్ని రెండోది కప్పిపెడుతుంది కనుక ఆవిడకే తెలియలేదు. నెలకొకటి చొప్పున కంటిలోకి ఇంజక్షన్లు ఇచ్చారు. ఆ మాట వినగానే అందరూ హడలిపోతారు. మొద్దుబారే మందు వేసి చేస్తారు, క్షణంలో అయిపోతుంది. చక్కెర, రక్తపు పోటు అదుపులోకి తెచ్చాము. పోయిన చూపు కొంత తిరిగి వచ్చింది. అంతా రాలేదు. రెండేళ్ళ ముందు తీసుకువెళ్ళివుంటే ఎంత మిగిలేదన్న లెక్క నేను వేసుకోదలచుకోలేదు.

కొత్త కళ్ళజోడు పెట్టుకున్న వారం రోజులకు గురజాల నుంచి ఫోను. "ఒరే, నీ దగ్గర బారిస్టర్ పార్వతీశం వుందా?" మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ఆ పుస్తకం మొదటి భాగం 1924లో వచ్చింది. నిండు నూరేళ్ళు దాటినా ఆ మొగల్తూరు పార్వతీశం ప్రయాణం చదువుతుంటే పొట్ట చెక్కలవుతుంది. నేను కొని పంపించి, ఇంకొకటి నాకూ కొనుక్కున్నాను. వైద్యం చదువు మొదలుపెట్టిన నాటి నుంచీ నేను సరదాకు పుస్తకం పట్టుకున్న రోజులు వేళ్ళమీద లెక్కించవచ్చు. ఇద్దరం ఒకే పుస్తకం చదవటం, ఆదివారం ఫోనులో మాట్లాడుకోవటం అని ఒప్పందం కుదిరింది. తిరునాళ్ళ నుంచి తిరునాళ్ళకు, మొన్నటికి ఏడాది నిండింది. ఆవిడ పద్ధెనిమిది పుస్తకాలు ముగించింది. నేను పదకొండు. పందెం నేను ఓడిపోయాననే లెక్క.

చదివినవాటిలో కొన్ని చెబుతాను. గుర్రం జాషువాగారు మనకు పక్కనే వినుకొండలో 1895లో పుట్టారు. ఆయన గబ్బిలం 1941లో వచ్చింది. గుడిలోకి రానివ్వని ఒక పేదవాడు, గుడిలోకి అడ్డులేకుండా వెళ్ళగలిగే గబ్బిలం చేత కాశీలోని శివుడికి కబురు పంపుతాడు. కోటప్పకొండ ఎక్కి దణ్ణం పెట్టుకుని వచ్చిన నెలలోనే అది చదివాము. ఆ ఆదివారం ఫోనులో ఇద్దరం ఎక్కువసేపు మాట్లాడుకోలేదు.

ఆ తరువాత శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్ర. పాడుకుంటూ వచ్చిన ఆ ద్విపదను మన గుత్తికొండ అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో పరిష్కరించి అచ్చువేయించారు. దీనితో మా ఇంట్లో మళ్ళీ పల్నాటి యుద్ధం వచ్చింది. అక్కయ్య గురజాల కోడలు, నాగమ్మను ఒక్కమాట అననివ్వదు. మా ఆవిడ పుట్టిల్లు మాచర్ల, బ్రహ్మనాయుడి పక్షం. ఫోను స్పీకరులో పెట్టి కోడిపందెం దగ్గర తప్పెవరిదని వదినా మరదళ్ళు ముప్పావుగంట వాదించుకున్నారు. ఎనిమిదేళ్ళుగా "ఒంట్లో ఎలా వుంది, కాళ్ళు లాగుతున్నాయా" తప్ప మాటల్లేని చోట ఇంత వాదన! మా ఆవిడకు కూడా అప్పుడే కళ్ళజోడు మార్పించవలసి వచ్చింది.

ఇక మీ ఉత్తరాల్లో మాటిమాటికీ వచ్చే అనుమానాలు. గుడ్డి వెలుతురులో చదివితే కళ్ళు పోతాయా? పోవు. అలసిపోతాయి, తల నొస్తుంది, అంతే. అయితే ఇరవై ఏళ్ళవారి కంటి లోపలికి చేరే వెలుతురులో సుమారు మూడోవంతే అరవై ఏళ్ళవారికి చేరుతుంది. కనుక పెద్దవాళ్ళు గది మధ్య లైటును నమ్ముకోక, భుజం వెనుకనుంచి పేజీ మీద పడేలాగా ఒక దీపం పెట్టుకోవాలి. పడుకుని చదివితే చెడేది కన్ను కాదు, మెడ. చదివేటప్పుడు రెప్పలు ఆర్పటం సగానికి తగ్గిపోతుంది, అందుకే మంట, ఎండినట్లుండటం. 20 నిమిషాలకొకసారి తల ఎత్తి కిటికీలోంచి దూరంగా వున్న చెట్టునో, ఎదురింటి డాబానో కాసేపు చూడండి. ఈ పిల్లలు పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతున్నారని తల్లులు వాపోతారు. పుస్తకం లాక్కోకండి, కళ్ళు చూపించండి, రోజూ రెండు గంటలు ఎండవేళల్లో ఆరుబయట ఆడుకోనివ్వండి.

తిరునాళ్ళలోను, బజార్లోను అమ్మే రెడీమేడు చదువుకునే అద్దాలు కళ్ళను పాడుచేస్తాయా? చెయ్యవు. రెండు కళ్ళకూ ఒకే నంబరు సరిపోయేవారికి పని కూడా జరిగిపోతుంది. అసలు ప్రమాదం ఆ పని జరిగిపోవటంలోనే వుంది. అక్షరాలు కనిపించాయి కదా అని ఇక డాక్టరు దగ్గరకు వెళ్ళరు. నీటికాసులు, అంటే గ్లకోమా, చదివే చూపును చివరిదాకా ముట్టుకోకుండా పక్కచూపును తినేస్తూ వస్తుంది. దానివల్ల పోయిన చూపు తిరిగి రాదు. అద్దాలు ఎక్కడైనా కొనండి, నలభై దాటాక కంటిలోపలి ఒత్తిడి, రెటీనా మాత్రం డాక్టరుకు చూపించండి. ఇంట్లో మీరే చేసుకోగలిగింది ఒకటుంది: కళ్ళజోడు పెట్టుకుని ఒక కన్ను మూసి, రెండో కంటితో గోడమీది క్యాలెండరు గళ్ళను చూడండి. తరువాత రెండో కన్ను మూసి చూడండి. నిలువు గీతలు వంకరగా కనిపించినా, మధ్యలో మరక వున్నట్లున్నా ఆలస్యం చెయ్యకుండా వెళ్ళండి.

ఇంకొక మాట. "మా నాన్నగారికి డెబ్భై అయిదేళ్ళు, ఈమధ్య కళ్ళజోడు తీసేసి పేపరు చదువుతున్నారు" అని సంతోషంగా రాసేవారున్నారు. ఆ సంతోషానికి అడ్డు రావటం నాకు ఇష్టం లేదుగాని, అది చాలాసార్లు శుక్లం ముదరబోయే ముందు కటకం మారటం వల్ల వచ్చే తాత్కాలికపు చూపు. దూరం మసకబారుతున్నదేమో అడిగి చూడండి.

రాత్రిళ్ళు నిద్రపట్టనివారు పక్కమీద దొర్లే బదులు లేచి కుర్చీలో కూర్చుని చదివి, కళ్ళు మూతలు పడ్డప్పుడు పక్కమీదికి వెళ్ళండి. సెల్‌ఫోను పక్కగదిలో వుంచండి. డిటెక్టివు నవలలు మాత్రం పగటికి అట్టిపెట్టుకోండి. ఆషాఢంలో ఒకటి మొదలుపెట్టి రాత్రి రెండున్నరకు హంతకుణ్ణి పట్టుకున్నాను. మర్నాడు నా రక్తపు పోటు నా రోగులకంటే ఎక్కువుంది.

పుస్తకాలు చదివేవారు ఎక్కువకాలం బతుకుతారటగా అని కొందరు అడుగుతారు. అమెరికాలో 3,635 మందిని పన్నెండేళ్ళపాటు గమనించి యేల్ విశ్వవిద్యాలయంవారు 2016లో అలాగే రాశారు. చదువు, డబ్బు, ఆరోగ్యం లెక్కలు తీసివేసి చూసినా తేడా మిగిలిందట. నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. తీరుబడిగా కూర్చుని పుస్తకం తెరవగలిగిన మనిషి బతుకులో లెక్కకు అందని సౌఖ్యాలు ఎన్నో వుంటాయి. ఆయుర్దాయం కోసం పేజీలు లెక్కపెట్టుకుంటూ చదివితే అది కషాయం తాగినట్లే వుంటుంది. నచ్చని పుస్తకాన్ని ముప్పయ్యో పేజీలో మూసెయ్యండి. నేను ఈ ఏడాది మూడు మూసేశాను, పేర్లు చెప్పను.

మాచర్ల సోదరీ, ఇప్పుడు మీ విషయం. ముందు కంటి పరీక్ష, దానితోపాటు చక్కెర, థైరాయిడు, రక్తంలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. కళ్ళజోడు సరిపోయి, అక్షరాలు స్పష్టంగా కనబడుతూ కూడా ఒకే లైను నాలుగుసార్లు చదవవలసి వస్తున్నదా? పుస్తకమే కాదు, ముగ్గు, పాట, మనవడి మాట, ఏదీ రుచించటం లేదా? తెల్లవారుజామున మెలకువ వచ్చి దిగులుగా వుంటున్నదా? ఇవి రెండు వారాలు మించి వుంటే అది మనసుకు వచ్చిన జబ్బు. దానికి మంచి వైద్యం వుంది. సిగ్గుపడకుండా ఆ డాక్టరుకు చెప్పండి. కాని మీ ఉత్తరం చూస్తే నాకు అలా అనిపించటం లేదు. ఒక పక్క ఖాళీ లేకుండా రాసిన నాలుగు పేజీల ఉత్తరంలో అక్షరాలు బఠాణీ గింజలంతేసి వున్నాయి. మా అక్కయ్య కూడా చాకలిపద్దు అలాగే రాసేది.

ఆవిడకు వచ్చే నెలలో మళ్ళీ రెటీనా పరీక్ష. పేటకు వస్తున్నది. కంట్లో చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరి అక్షరాలు కనిపించవు. ఆ మధ్యాహ్నం క్లినిక్కుకు సెలవు పెట్టి నేను చదివి వినిపించాలట. ఇప్పటికే ఫోనులో ఉత్తర్వు వచ్చింది. కన్యాశుల్కం సగంలో వుంది. మధురవాణి మాటలు మా ఆవిడ చదవటానికి ఒప్పుకున్నది, గిరీశం నాకు పడ్డాడు.