అదే గేర్‌బాక్స్, అదే ఫిర్యాదు



ఆటోమేటిక్ కారంటే ఇప్పుడు విలాసం కాదు. నా భార్యకు మోకాళ్ల నొప్పులు. క్లచ్ తొక్కే బాధ తప్పుతుందని అదనంగా డబ్బు పోసి ఆటోమేటిక్ కొన్నాం. వారంటీలో ఉండగానే మియాపూర్ ట్రాఫిక్‌లో బండి వణకడం మొదలైంది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఉన్నట్టుండి పికప్ పడిపోయేది. సర్వీస్ సెంటర్‌లో ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం సార్’ అన్నారు. తర్వాత క్లచ్ మార్చారు. మళ్లీ అదే వణుకు. వారంటీ అయిపోయాక మాత్రం గేర్‌బాక్స్ మొత్తం మార్చాలంటూ లక్షల్లో ఎస్టిమేట్ చేతికిచ్చారు. పైగా, ‘మేడం డ్రైవింగ్ అలవాటు వల్లేనేమో’ అన్నారు.

ఆ మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను. మా బండిలో ఉన్నది డ్రై క్లచ్‌తో నడిచే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. ఇందులో క్లచ్ ప్లేట్లను చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. బండి నెమ్మదిగా పాకుతున్నంతసేపూ ప్లేట్లు పూర్తిగా పట్టుకోకుండా జారుతూ ఒరుసుకుంటాయి, వేడెక్కుతాయి. ఎండాకాలం సాయంత్రం అమీర్‌పేటలో బండి పాకక ఏం చేస్తుంది? ఆ సంగతి గేర్‌బాక్స్ డిజైన్ చేసినవాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

ఆస్ట్రేలియాలో ఇదే రకం గేర్‌బాక్స్ అయిన పవర్‌షిఫ్ట్ ఉన్న ఫోర్డ్ కార్లు కొన్నవాళ్లకూ ఇదే జవాబు వచ్చింది. బండి వణకడం మీ డ్రైవింగ్ వల్లేనన్నారు. అక్కడి వినియోగదారుల కమిషన్ కోర్టుకెక్కితే, 2018లో ఫెడరల్ కోర్టు ఆ కంపెనీకి కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. చైనాలో ఫోక్స్‌వ్యాగన్ 2013లో డీఎస్‌జీ అనే తన డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ లోపం కారణంగా 3.8 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేసింది. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ‘లెమన్ లా’ గురించి తెలిసే ఉంటుంది. 1982లో కనెక్టికట్ రాష్ట్రంలో మొదలైన ఆ చట్టం ప్రకారం, కొత్త కారులో ఒకే లోపాన్ని పదే పదే రిపేరు చేసినా పోకపోతే కంపెనీ కారైనా మార్చాలి, డబ్బైనా వెనక్కివ్వాలి.

మనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. అందులో తయారీదారు బాధ్యత గురించి ప్రత్యేక అధ్యాయమే ఉంది. కానీ లోపం తయారీలోనే ఉందని కొన్నవాడే రుజువు చేయాలి, నిపుణుడి నివేదిక తేవాలి. పార్టు మారిస్తే సరిపోయేచోట కారే మార్చమనడం కుదరదని 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. సరే, మరి మార్చిన పార్టు మళ్లీ పాడైతే? మోటారు వాహనాల చట్టంలోని రీకాల్ నిబంధన ప్రాణాపాయమో పర్యావరణ హానియో ఉన్న లోపాలకే. ఫ్లైఓవర్ మీద, వెనక లారీ వస్తుండగా బండి కదలకపోవడం ప్రాణాపాయం కాదా?

కొందరు బండిని సరిగా వాడరన్న కంపెనీల మాట అబద్ధమేమీ కాదు. అయితే దాన్ని నిరూపించే ఆధారం కంపెనీ దగ్గరే ఉంటుంది. గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్‌లో లోపాల కోడ్‌లు నమోదవుతాయి. వాటిని చదివే యంత్రం సర్వీస్ సెంటర్‌లో ఉంటుంది. మన చేతికొచ్చే జాబ్ కార్డులో మాత్రం ‘జనరల్ చెకప్’ అని రాస్తారు. రేపు వినియోగదారుల కమిషన్ ముందు నిలబడితే, ఆ లోపం మళ్లీ మళ్లీ వచ్చిందనడానికి మన దగ్గర కాగితమే ఉండదు.

అందుకే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖను, మన ఎంపీలను కోరుతున్నాను. ఒకే లోపంతో బండి మూడోసారి సర్వీస్‌కు వస్తే దాన్ని తయారీ లోపంగానే భావించాలి. కాదని రుజువు చేసే భారం కంపెనీదే కావాలి. లోపాల కోడ్‌లను జాబ్ కార్డుతో పాటు అచ్చువేసి ఇవ్వడం తప్పనిసరి చేయాలి. వారంటీలో నమోదైన ఫిర్యాదు తీరేదాకా ఆ పార్టుకు వారంటీ ముగియకూడదు. చట్టం వచ్చేలోగా ఇలాంటి బండి ఉన్నవాళ్లు, జాబ్ కార్డు మీద తమ ఫిర్యాదును తమ మాటల్లోనే రాయించి, కాపీ తీసుకున్నాకే తాళాలు ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మియాపూర్, హైదరాబాద్