ఓవర్‌డ్రాఫ్టు – ఇల్లాలి లెక్క

పొరుగింట సోలెడు బియ్యము చేబదులు తెచ్చినచో మఱునాడే కొలిచి యిచ్చివేయుదుము. బ్యాంకువారిచ్చు చేబదులును మాత్రము అప్పని తలపము. ఖాతాలో సొమ్ము నిండుకొన్నను చెల్లింపులు జరిగిపోవుచుండుటయే యిందులకు హేతువు. ఈ చేబదులునకే ఓవర్‌డ్రాఫ్టు అని పేరు.

మనదేశమున కరెంటు ఖాతా విశేషముగా వర్తకులకు సంబంధించినది. బ్రిటనులో నట్లు గాదు. జీతము చేరుటయు, అద్దె పోవుటయు, సంసారవ్యయ మంతయు నా ఖాతామీదనే నడచును. అచ్చట కాపురముండు మన తెలుగు కుటుంబములకును ఇదియే పద్ధతి. కావున ఓవర్‌డ్రాఫ్టు ధర మారినచో ఆ మార్పు వంటయింటివఱకు వచ్చును.

పూర్వ మచ్చటి బ్యాంకులు దినమున కింత, నెల కింత యని రుసుములు గైకొనుచుండెడివి. ముందుగా అనుమతి పొందక 100 పౌండ్లు వాడుకొన్నవారికి దినమునకు 5 పౌండ్లు పడుట సామాన్యముగా నుండెను. 2016లో ఇట్టి రుసుములలో సగమునకు పైగా, ఖాతాదారులలో నూటికి ఒకటిన్నర వంతు మందియే చెల్లించిరని ఫైనాన్షియల్ కాండక్ట్ అథారిటీ యను నియంత్రణసంస్థ తేల్చెను.

ఆ సంస్థ 2020 ఏప్రిలు 6వ తేదీనుండి నిర్ణీత రుసుములను మాన్పించెను. వడ్డీ యొక్కటియే గైకొనవలెననియు, అనుమతి లేని వాడుకకు అనుమతి గల వాడుకకన్న హెచ్చు ధర యుండరాదనియు శాసించెను. అప్పుడు పెక్కు పెద్ద బ్యాంకులు సాలువడ్డీని నూటికి 40కి చేరువగా పెంచినవి. 39.9 అనునది వాడుకలోనికి వచ్చిన రేటు.

దీనివలన మే లెవరికి? ఎప్పుడో యొకనాడు హద్దు దాటినవారికి. ఆ రేటున 100 పౌండ్లకు దినమునకు సుమారు 9 పెన్నీలే యగును. కాని అనుమతితోనే 500 పౌండ్లు నెల పొడుగునను వాడుకొనుచు, 19.9 వంతున నెలకు ఏడున్నర పౌండ్లు చెల్లించుచుండిన యిల్లాలికి అది యించుమించు 14 పౌండ్లయ్యెను. ఒకరి భారము తగ్గగా మఱియొకరి భారము పెరిగినది.

మఱియొక మేలును గలదు. 2019 డిసెంబరునుండి బ్యాంకులు "వాడుకొనదగిన సొమ్ము" అని చూపు మొత్తములో ఓవర్‌డ్రాఫ్టును కలుపరాదు. అప్పు అప్పుగానే కనబడవలెను. మనము చేయవలసిన లెక్కకు మూలమిదియే.

కావున నెల కెన్ని దినములు ఖాతా శూన్యమునకు దిగువ నుండెనో క్యాలెండరుపై గుఱుతు పెట్టుకొనుడు. రెండు మూడు దినములైనచో అది చేబదులు. ప్రతినెలయు సగము దినములైనచో అది నిలువ అప్పు. తక్కువ వడ్డీకి వేఱొక ఋణము దొరకునేమో విచారింపవలెను. తఱచుగా ఓవర్‌డ్రాఫ్టు వాడి చిక్కులలో నున్నవారిని గుర్తించి తోడ్పడుట అచ్చటి బ్యాంకులకు విధి. అడుగుటకు సంకోచింపవలదు. దాచుకొన్న అప్పునకు వడ్డీ ఆగదు గదా!