ఇంటి లెక్కలు: బడికి వెళ్ళిన మూడు గంటలు

పాలవాడితో, పేపరువాడితో నెల లెక్క పైసలతో సహా సరిచూసుకుంటాం. మన పిల్లల్ని పొద్దుటినుంచి సాయంత్రందాకా కనిపెట్టుకుని ఉండే మనిషితో మాత్రం లెక్క మాట్లాడాలంటే మనకు నోరు రాదు. ఆవిడకూ రాదు. ఆ మొహమాటం కొన్నాళ్ళు బాగానే సాగుతుంది. పిల్లవాడికి మూడేళ్ళు నిండి నర్సరీలో వేసిన నెలలో, మొదటి తారీఖున అది కాస్తా బయటపడుతుంది.

బెంగుళూరులో మన వాళ్ళు 'బేబీ సిట్టింగ్' అంటారు. ముంబాయి, పుణే, షోలాపూర్‌లలో ఉన్నవాళ్ళకు 'పాళణాఘర్' అంటే చప్పున అర్థమవుతుంది. పేరేదైనా పని ఒకటే. ఇంటి ముందుగదిలో నలుగురైదుగురు పిల్లలు, ఒక పెద్దావిడ, సాయానికి ఒక ఆయా. ఈ మధ్య ఇలాంటి ఒక ఇంటి తగవు నా దగ్గరకు వచ్చింది. సంఘం జమాఖర్చులు చూసేవాణ్ణి కాబట్టి ఇళ్ళ జమాఖర్చులు కూడా చూస్తాననుకున్నారు కాబోలు. ఇరుపక్షాల వారూ మన సభ్యులే. ఇద్దరి అనుమతితోనే వ్రాస్తున్నాను, పేర్లు మాత్రం వ్రాయను.

పిల్లల్ని చూసే ఆవిడను అందరం అక్కయ్యగారనే పిలుస్తాం. భర్త మిల్లులో పనిచేసి పోయారు. ఆయన తాలూకు కుటుంబ పింఛను నెలకు రెండు వేల లోపు. ఇల్లు సొంతం, అంతవరకు అదృష్టవంతురాలు. అయిదుగురు పిల్లలు. పొద్దున 8.30 నుంచి సాయంత్రం 6.30 దాకా పది గంటలు, నెలకు 22 రోజులు. తలకు 8,000 రూపాయలు, తిండితో సహా.

ఆ అయిదుగురిలో ఒక బాబు ఏడాది పిల్లవాడిగా ఉన్నప్పటినుంచీ ఆవిడ చేతిలోనే పెరిగాడు. అమ్మమ్మా అని పిలుస్తాడు. జూన్‌లో రెండు వీధుల అవతల ఉన్న నర్సరీలో వేశారు. 9.30 నుంచి 12.30. తల్లి ఒక ఆడిటరు గారి ఆఫీసులో పనిచేస్తుంది. ఇంటి అప్పు వాయిదా, బడి ఫీజు, పైన ఈ 8,000. ఆ అమ్మాయి వేసిన లెక్క ఇది: పది గంటల్లో మూడు గంటలు బాబు అక్కడ ఉండడు, కాబట్టి నూటికి ముప్ఫై తగ్గాలి, 5,600 ఇస్తే సరిపోతుంది. అవే మూడు గంటలకు బడికీ కట్టి, పెద్దమ్మగారికీ కట్టడం ఏమి న్యాయం?

చూడడానికి లెక్కలో తప్పులేదు. కోపగించుకోవలసిన మాట కూడా కాదు. కానీ అక్కయ్యగారు ఆ రాత్రి నిద్రపోలేదట. "నా మూడేళ్ళ చాకిరీని గంటల్లో కొలిచింది" అని ఆవిడ బాధ. "ఆఫీసు మానుకుని ఇంట్లో కూర్చోమంటారా" అని ఈ అమ్మాయి బాధ. ఉగాదికి ఒకే బంతిలో కూర్చున్నవాళ్ళు హాలులో ఎదురుపడితే మొహాలు తిప్పుకునేదాకా వచ్చింది.

నేను మొదట అక్కయ్యగారి చేత ఆవిడ ఖర్చులు చెప్పించాను. అన్నేళ్ళుగా చేస్తున్నా ఆవిడ ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు. ఆయా జీతం 9,000. కరెంటు, నీళ్ళు, గ్యాసు, ఫినాయిలు వగైరా 3,000. బొమ్మలు, చాపలు, చిరిగిన దుప్పట్లు 500. ఈ 12,500 పిల్లలు అయిదుగురున్నా నలుగురున్నా కదలదు. బి.కాం. చదివినవాళ్ళకు స్థిరవ్యయం అంటే గుర్తుంటుంది, అదే ఇది. పిల్లల్ని బట్టి మారేది తిండి ఒక్కటే, తలకు 1,500 చొప్పున 7,500. వెరసి 20,000. రాబడి 40,000. మిగిలేది 20,000. 220 గంటల పనికి గంటకు దాదాపు 91 రూపాయలు. తన ఇంటి గదులకు అద్దె కట్టుకోలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు బాబు బడికి వెళితే ఆవిడకు ఏమి మిగులుతుంది? పది గంటల వేళ ఇచ్చే పాలు, అరటిపండు. రోజుకు 15 రూపాయలు, నెలకు ఇరవై బడి రోజులకు 300. ఆయా జీతం తగ్గదు. ఫ్యాను ఆగదు. ఆవిడ ఆ మూడు గంటలు గుడికో బజారుకో వెళ్ళడానికీ లేదు, మిగతా నలుగురూ అక్కడే ఉన్నారు. అంటే 2,400 తగ్గిస్తే 2,100 నేరుగా ఆవిడ కష్టార్జితంలోంచి పోతుంది. వచ్చే జూన్‌కు ఇంకో ముగ్గురికి మూడేళ్ళు నిండుతాయి. వాళ్ళూ ఇదే అడిగితే నలుగురికి 8,400. అక్కయ్యగారికి మిగిలేది 11,600, ఆయా జీతం కన్నా 2,600 మాత్రం ఎక్కువ. ఇంటికీ, పిల్లలకూ, వాళ్ళ జ్వరాలకూ పూచీ మాత్రం ఆవిడదే.

ఈ పూచీ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. బ్యాంకులో గ్యారంటీ అని ఒకటి ఇస్తాం. ఒక కాంట్రాక్టరుకు ప్రభుత్వ శాఖలో పని దొరుకుతుంది. అతను పని ఎగ్గొడితే సొమ్ము మేము కడతామని బ్యాంకు కాగితం వ్రాసి ఇస్తుంది. ఆ రోజు బ్యాంకునుంచి ఒక్క రూపాయి కూడా బయటికి పోదు. అయినా కమిషను తీసుకుంటాం. "మీరు నాకు రూపాయి ఇవ్వలేదు, కమిషను దేనికండీ" అని నన్ను అడిగిన పెద్దమనుషులు నా సర్వీసులో చాలామందే ఉన్నారు. అడిగిన మరుక్షణం చెల్లించడానికి సిద్ధంగా కూర్చున్నందుకు అని చెప్పేవాణ్ణి.

ఆ అమ్మాయిని నేను ఒక్కటే అడిగాను. "బాబుకి ఒళ్ళు వేడిగా ఉంది, తీసుకుపొండి అని పదిన్నరకు బడివాళ్ళు ఫోను చేస్తే ఎవరు వెళతారమ్మా?" చాలాసేపు మాట్లాడలేదు. "పెద్దమ్మగారే" అంది. అప్పటికే ఒకసారి వెళ్ళారట కూడా. బాబు బడిలో ఉన్న మూడు గంటలూ అక్కయ్యగారు గ్యారంటీ ఇచ్చి కూర్చున్నట్టే లెక్క.

అలాగని పిల్లల్ని చూసేవాళ్ళు అడిగిందల్లా ఇవ్వమని నేను చెప్పడం లేదు. కొన్నిచోట్ల బడికి వెళ్ళినా పూర్తి ఫీజు తీసుకుంటారు, మళ్ళీ దసరా సెలవుల్లో పిల్లవాడు రోజంతా ఉన్నాడని అదనం వేస్తారు. అది రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం. చోటు అట్టేపెట్టినందుకే నిండు ఫీజు తీసుకున్నప్పుడు సెలవు రోజులూ అందులోనే కలిసి ఉన్నాయి. అలాగే ఆ ఖాళీ గంటల్లో ఇంకో బిడ్డను చేర్చుకుని సొమ్ము తీసుకుంటే, మొదటి తల్లికి తగ్గించి తీరాలి. ఒకే లాకరును ఇద్దరికి అద్దెకిస్తే మా బ్యాంకులో ఊరుకుంటారా? అక్కయ్యగారిని అదీ అడిగాను. పొద్దున మూడు గంటలకు మాత్రం బిడ్డను వదిలేవాళ్ళు ఎవరూ రాలేదన్నారు.

అమ్మాయి దగ్గర ఇంకో గట్టి ప్రశ్న ఉంది. ఆడిటరు గారి దగ్గర ఊరికే పనిచేయడం లేదు. "రెండేళ్ళ క్రితం ఒక పాపను మధ్యాహ్నం మాత్రం 6,000కు చూశారు కదా, మా వాడికి ఎందుకు కుదరదు?" అంది. ఇది నిజమే. నేనైతే ఆ ధర కూడా ముందుపెట్టి ఎంచుకోమనాలనే అన్నాను. అయితే ఆ 6,000లో ఏమేమి లేవో కూడా చెప్పాలి. పొద్దున 8.30కి దింపడం లేదు. ఆయా బడికి తీసుకువెళ్ళడం, తీసుకురావడం లేదు. జ్వరం ఫోను లేదు. బడి సెలవు రోజు పొద్దుటినుంచీ ఉంచాలంటే రోజుకు 200 అదనం. పూటకూళ్ళ ఇంట్లో నెల భోజనానికీ ఒక పూట విస్తరికీ ఒకే ధర ఉండదు కదా.

ముగ్గురం కూర్చుని బడి క్యాలెండరు, ఆ అమ్మాయి ఆఫీసు సెలవుల జాబితా పక్కపక్కన పెట్టాం. తగవు తీరింది నిజానికి అక్కడ. బడి లేకుండా ఆఫీసు ఉన్న రోజులు, వేసవితో కలిపి, ఏడాదికి 60 తేలాయి. తన లెక్కలో ఆ 60 రోజులు ఎక్కడా లేవని ఆ అమ్మాయే అంది. మధ్యాహ్నం బేరమైతే 6,000 చొప్పున పన్నెండు నెలలకు 72,000, సెలవు రోజులకు 12,000, వెరసి 84,000. బడినుంచి బాబును తేవడానికి వ్యాను నెలకు 800, పది నెలలకు 8,000. మొత్తం 92,000.

ఇక రోజంతా బేరం. పాలూ పండూ 300 తగ్గించి 7,700 అని నేను వ్రాయబోతుంటే అక్కయ్యగారే 7,500 వెయ్యమన్నారు. బడి ఉన్న పది నెలలకు 75,000, వేసవి రెండు నెలలకు పూర్తి 8,000 చొప్పున 16,000. మొత్తం 91,000. పొద్దున బాబును ఎవరు దింపాలన్న బెంగ లేకుండా, వెయ్యి రూపాయలు తక్కువ. అమ్మాయి కాలిక్యులేటరు మీద రెండుసార్లు వేసుకుని చూసుకుంది. సంతోషించిందని చెప్పను. నెలకు 2,400 మిగులుతుందనుకున్న చోట 500 మిగిలింది. కానీ ఒప్పుకుంది.

బడికీ ఇక్కడికీ రెండుసార్లు కడుతున్నానన్న ఆ అమ్మాయి గోడు మాత్రం నాకు తీసిపారేసేదిగా కనిపించలేదు. అది అక్కయ్యగారు తీర్చగలిగిన గోడు కాదు, అంతే. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పుడు, 50 మంది లేక అంతకు మించి పనిచేసే చోట పిల్లలను ఉంచే వసతి ఉండాలన్నారు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ 50 అంకె అలాగే ఉంది. ఈ అమ్మాయి ఆఫీసులో ఉన్నది 14 మంది. మన ఆడపిల్లల్లో ఎంతమంది ఇలాంటి చిన్న ఆఫీసుల్లో, దుకాణాల్లో, క్లినిక్కుల్లో పనిచేస్తున్నారో మీ వీధిలోనే లెక్కపెట్టి చూడండి. వాళ్ళ ఉద్యోగాలు నిలబడుతున్నది ఇలాంటి ముందుగదుల మీదే. ఆ గదులు నడిచేది గంటకు 91 రూపాయల మీద.

ఒప్పందాన్ని ఒక పేజీలో వ్రాశాం. స్టాంపు పేపరు అక్కరలేదు. ఫీజు నెల మొదట, అయిదో తారీఖు లోపల. సాయంత్రం 6.45 దాటితే అరగంటకు 50. బిడ్డను మానిపించాలన్నా, అక్కయ్యగారు మానుకోవాలన్నా ఒక నెల ముందు చెప్పాలి. బడివాళ్ళ దగ్గర అక్కయ్యగారి ఫోను నెంబరు, బాబును తీసుకుపోవడానికి ఆవిడకూ ఆయాకూ అనుమతిస్తూ తల్లిదండ్రుల సంతకం. ఈ చివరిది చాలామంది మరిచిపోతారు. ఎవరో వచ్చి అడిగితే బిడ్డను పంపని బడే మంచి బడి. రేటు మళ్ళీ మాట్లాడేది ఏటా ఏప్రిల్‌లో, కొత్త బడి ఫీజు కట్టకముందు. సొమ్ము ఫోనులో పంపినా సరే, అక్కయ్యగారు ఒక చిన్న పుస్తకంలో వ్రాసి సంతకం పెట్టాలన్నాను. ఆవిడకు జి.ఎస్.టి. భయం ఎవరో పెట్టారు. సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే ఆ నమోదు అని చెప్పాను. ఆవిడది 4,80,000, అదీ ఖర్చులు తీయకముందు.

వచ్చే జూన్‌లో బడికి వెళ్ళబోయే ముగ్గురి తల్లులకూ ఇప్పుడే చూపిస్తానని అక్కయ్యగారు ఆ పేజీకి మూడు జిరాక్సులు తీయించుకున్నారు. ఒక నకలు సంఘం ఆఫీసులో గుమాస్తా గారి దగ్గర ఉంచాను. అంకెలు మీ ఊరి ధరలకు మార్చుకోండి. ఆయా జీతం, బడి క్యాలెండరు, ఈ రెండూ ముందు పెట్టుకోకుండా మాత్రం కూర్చోకండి.