పునాది కింద నేల ఎలాంటిది?

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఆ కదలిక హైదరాబాదు, విజయవాడ వరకూ తెలిసింది. దేవుని కృపవలన పెద్ద నష్టం జరుగలేదు. ఉదయం భయపడిన మనము సాయంత్రానికి మరచిపోయాము.

భూకంప కేంద్రం దూరంగా ఉంటే చాలునని అనేకులు తలస్తారు. 2001 జనవరి 26న భుజ్ ప్రాంతంలో భూమి కంపించినప్పుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరానున్న అహ్మదాబాదులో అపార్టుమెంట్లు కూలి వందలమంది మరణించారు. కట్టడాల లోపాలకు సబర్మతి ఒండ్రుమట్టి తోడైంది. 1985లో మెక్సికో నగరం కూలిందీ పాత సరస్సు అడుగున ఉన్న మెత్తని మట్టివల్లనే. రాతి నేలపై స్వల్పంగా ఉండే కదలిక అలాంటి మట్టిలో ఎన్నో రెట్లు పెరుగుతుంది. నీరు నిండిన వదులు ఇసుకైతే పట్టు తప్పి ద్రవంలా మారవచ్చు.

దీనిని ముందే తెలిసికొనవచ్చు. బోరు వేసి, 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తునుండి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. కొద్ది దెబ్బలకే దిగితే నేల వదులన్నమాట. నేలలో తరంగాల వేగాన్నీ కొలుస్తారు. మెత్తని మట్టిలో అవి నెమ్మదిస్తాయి. నగరమంతటా ఇలా పరీక్షించి పేటవారీగా పటం గీయడమే మైక్రోజోనేషన్. ఢిల్లీ, బెంగళూరు, గౌహతి నగరాలకు అలాంటి పటాలు తయారయ్యాయి. అయితే భవన అనుమతులిచ్చే అధికారి దానిని చూడకపోతే ఆ పటం బీరువాలోని కాగితమే.

మన సంగతేమిటి? పూడ్చిన చెరువులో స్థలం చవకగా వచ్చిందని మందిరం కడుతున్నాము. సంఘం పెరిగిందని పాత గోడలమీదే పై అంతస్తు వేస్తున్నాము. “మట్టి పరీక్ష ఎందుకు, ప్రభువే కాపాడతాడు” అనే మాట కమిటీలలో విన్నాము. విని ఊరకున్నవారిలో మేమూ ఉన్నాము. అది విశ్వాసం కాదు, అజాగ్రత్త. లూకా 6వ అధ్యాయంలో ప్రభువు మెచ్చిన మనుష్యుడు బండ తగిలేవరకు లోతుగా త్రవ్వినవాడు. ఆయన ఆ మాట చెప్పినది వాక్యానికి లోబడుటను గూర్చియే. అయినా త్రవ్వనివాని ఇల్లు ఏమైనదో మనకు తెలుసు.

ఆదివారం ఆ కప్పు కింద వందల కుటుంబాలు, సండే స్కూలు పిల్లలు కూర్చుంటారు. కాబట్టి సంఘ పెద్దలారా, శంకుస్థాపన ప్రార్థనకు తేదీ నిర్ణయించకముందే మట్టి పరీక్ష నివేదిక అడగండి. పాత మందిరంపై అంతస్తు వేయకముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించండి. ఆ ఖర్చును కూడా కానుకల లెక్కలో సంతోషంగా వ్రాయండి.