లెమాన్ పేరు చెప్పి గోదావరి వంతెన మీద రేసులా?

కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

జనవరి ఉత్సవాల్లో సంఘం తరఫున ఎదుర్లంక వంతెన మీద బైకు రేసు పెట్టాలని కొందరు కుర్రాళ్ళు ప్రతిపాదన తెచ్చారు. వద్దన్న మా నలుగురినీ గ్రూపులో "ముసలి బ్యాచ్" అన్నారు. అనండి, ఫర్వాలేదు. మా పేచీ వాళ్ళు చూపించిన ఉదాహరణతో. "ఫ్రాన్సులో లెమాన్ రేసు మామూలు రోడ్ల మీదే జరుగుతుంది, పోర్షే అక్కడ 19 సార్లు గెలిచింది, మనదీ ఒకప్పటి ఫ్రెంచి ఊరే, మనమెందుకు పెట్టకూడదు?" అంటున్నారు. ఫ్రాన్సులో చుట్టాలున్న ఊరు కదా, మాట బాగానే పాకింది. (అన్నట్టు "లెమాన్స్" అని రాయకండి బాబూ, ఆఖరి "స్" పలకరు.)

19 సార్లు గెలిచింది, నిజమే. ఎలా గెలిచిందో ఒక్కరైనా చదివారా?

1969 సంగతి చూడండి. అప్పట్లో డ్రైవర్లు రోడ్డుకి ఒక పక్క నిలబడి, జెండా ఊపగానే అవతల ఉన్న కార్ల దగ్గరికి పరుగెత్తి, ఎక్కి దూసుకుపోవాలి. ఆ తొందరలో చాలామంది బెల్టు సరిగ్గా పెట్టుకునేవారు కాదు. జాకీ ఇక్స్ అనే బెల్జియం కుర్రాడు ఇది ప్రాణాల మీదికి తెచ్చే పద్ధతని పరుగెత్తడం మానేశాడు. తాపీగా నడిచి వెళ్ళి, కూర్చుని, బెల్టు బిగించుకుని, అందరికంటే ఆఖర్న బయల్దేరాడు. ఆ మొదటి చుట్టులోనే జాన్ వూల్ఫ్ అనే డ్రైవరు తన పోర్షే 917తో ప్రమాదంలో చనిపోయాడు. బెల్టు పెట్టుకోలేదంటారు. 24 గంటలయ్యాక గెలిచిందెవరు? ఆఖర్న బయల్దేరిన ఇక్సే, ఫోర్డు కారులో. రెండోది హాన్స్ హెర్మన్ నడిపిన పోర్షే. తేడా సుమారు 120 మీటర్లు. మరుసటి ఏడాది నుంచి ఆ పరుగు స్టార్టు ఎత్తేశారు.

పోర్షే అక్కడ 1951 నుంచీ పోటీ చేస్తోంది. చిన్న ఇంజన్ల తరగతుల్లో గెలుస్తూ వచ్చింది గానీ, మొత్తం రేసు మొదటిసారి గెలిచింది 1970లో. ఆ గెలిచిన కారు పోర్షేల్లోకెల్లా వేగమైనదనుకుంటున్నారా? కాదు. మిగతా పోర్షేల్లో కొన్నిటికి 4.9 లీటర్ల ఇంజన్లుంటే, రిచర్డ్ ఆట్‌వుడ్ మాకు చిన్నదే చాలు, పాడవకుండా ఉంటుందని 4.5 లీటర్లది తీసుకున్నాడు. బయల్దేరింది 15వ స్థానం నుంచి. రాత్రంతా వాన. 51 కార్లు దిగితే చివరికి ఫలితాల్లో నిలిచినవి ఏడు. వాటిలో మొదటిది ఆట్‌వుడ్, హెర్మన్‌లది. గెలిస్తే మానేస్తానని భార్యకిచ్చిన మాట ప్రకారం హెర్మన్ ఆ తర్వాత రేసులు వదిలేశాడు. రీల్స్‌లో ఇవేవీ రావు. స్పీడోమీటరు ముల్లు మాత్రం వస్తుంది.

2016లో కూడా అంతే. ముందున్న టయోటా కారు చివరి నిమిషాల్లో ఆగిపోయింది, వెనకున్న పోర్షే గెలిచింది. అది 18వది.

ఇక మామూలు రోడ్డు మాట. అక్కడి పొడుగాటి రోడ్డు మిగతా రోజుల్లో లారీలు తిరిగేదే, ఒప్పుకుంటాం. రేసప్పుడు దాన్ని మూసేస్తారు. ఇనుప కంచెలు, డాక్టర్లు, అడుగడుగునా జెండా పట్టుకున్న మనుషులు ఉంటారు. ఇవన్నీ ఊరికే రాలేదు. 1955లో ఒక మెర్సిడెస్ కారు ఎగిరి జనం మీద పడితే 80 మందికి పైగా పోయారు. ఆ ఏడాది చివర రేసుల్లోంచి తప్పుకున్న మెర్సిడెస్ దశాబ్దాల పాటు తిరిగి రాలేదు. వేగాలు 400 కిలోమీటర్లు దాటాయని 1990లో ఆ తిన్నని రోడ్డుకే రెండు మలుపులు పెట్టారు. వేగం తగ్గించడానికి, తమ్ముళ్ళూ!

మన వంతెన మీద ఏముంది? కోనసీమ వైపు బస్సులు, ఆటోలు, చేపల బుట్టలతో ఆడవాళ్ళు, సైకిళ్ళ మీద పిల్లలు. పక్కన పిట్టగోడ, కింద గౌతమి. పెద్ద దెబ్బ తగిలితే కాకినాడ పరుగెత్తాలి. ఇప్పటికే సాయంత్రాలు హ్యాండిల్ వదిలేసి రయ్యిమని పోయేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. దానికి సంఘం బ్యానరు కూడా కట్టాలా?

రేసు మీద నిజంగా మోజుంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది. నలుగురు కుర్రాళ్ళని అక్కడికి పంపుదాం, బస్సు ఖర్చుకి మేమే చందా వేస్తాం. ఉత్సవాల్లో బైకుల పని చేయాలంటే మన మెకానిక్కుల్ని కూర్చోబెట్టి బ్రేకులు, చెయిన్లు, టైర్లు, లైట్లు ఉచితంగా చూపిద్దాం. లెమాన్‌లో అర్ధరాత్రి నిద్రమానుకుని జట్లు చేసేది అదే పని.

ఆదివారం మీటింగులో తీర్మానం పెడతారట. మేం చెయ్యి ఎత్తం. ఎత్తేవాళ్ళు, అనుమతి కాగితం మీద బాధ్యులుగా తమ పేర్లు రాసి సంతకం పెట్టాలని మాత్రం అడుగుతాం.