ముదిసినది యంత్రమా? ముగిసినది గడువా?

మైక్రోసాఫ్టు కంపెనీవారు 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోసు 10నకు ఉచితముగా నిచ్చుచున్న భద్రతా సవరణలను నిలిపివేసిరి. కోరి నమోదు చేసికొన్న గృహస్థులకు మాత్రము మరియొక యేడు గడువు ప్రకటించి, తక్కినవారిని విండోసు 11నకు మారుడనిరి. మారుటకు టి.పి.యం. 2.0 అను చిప్పుండవలెనట. ఇంటెల్ ప్రాసెసరైనచో, సామాన్యముగా 2017లో వెలువడిన యెనిమిదవ తరమునకు తక్కువది కారాదట. నిన్నటివరకు చక్కగా పనిచేసిన యంత్రము నేడు పనికిరానిదైనది! దాని యే యవయవము చెడినది? ఏదియు చెడలేదు. దూరదేశమునందలి యొక కంపెనీవారి యనుగ్రహము మాత్రమే ముగిసినది.

నరసరావుపేట, గురజాల, మాచర్ల పట్టణములలో వకీళ్ల గుమాస్తాల బల్లలమీదను, డి.టి.పి. దుకాణములలోను, పఠనమందిరములలోను ఈ పరీక్షకు నిలువని యంత్రము లింకను పనిచేయుచున్నవి. వాని యజమానులకు లభించుచున్న సలహా యొక్కటే: పాతది పారవేయుడు, క్రొత్తది కొనుడు, అందును విండోసే వేయించుకొనుడు. ఈ సలహాను మేము ఖండించుచున్నాము. యంత్రమును మార్చవలసినది దాని శక్తి యుడిగినప్పుడు గాని, పరుల నోటీసు వచ్చినప్పుడు కాదు. మార్చక తప్పనిచో, క్రొత్తదానిని లినక్సు కొరకే యెంచి కొనవలెను. ఇదియే మా వాదము.

న్యాయశాస్త్రపు మాట యొకటి చెప్పనిండు. 1882వ సంవత్సరపు ఈజుమెంట్ల చట్టము 52వ సెక్షను లైసెన్సును నిర్వచించినది. పరుల భూమిలో నొకపని చేసికొనుటకు లభించు అనుమతియే లైసెన్సు. భూమిపై దానివలన నెట్టి హక్కును గలుగదు. ఆ చట్టము స్థిరాస్తులకు సంబంధించినదే, కాని పోలిక స్పష్టము. రొక్కము చెల్లించి విండోసును కొంటిమని మనమనుకొనుచున్నాము. కొన్నది అనుమతి మాత్రమే. దానిలోపలి వ్రాతను చూడరాదు, దిద్దరాదు, పొరుగువానికి పంచరాదు. సవరణల నెన్నటివరకు ఇత్తురన్నది వారి యిష్టము.

పల్నాటివారికి ఈ సంగతి క్రొత్తది కాదు. తమ యడవిలో తమ పశువులను మేపుకొనుటకు పుల్లరి చెల్లింపుమన్న పరప్రభుత్వము నెదిరించి, మించాలపాడు వీరుడు కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆ త్యాగముతో మన బల్లమీది వ్యవహారమును సరితూచుట మా యుద్దేశము కాదు. కాని నాడు పుట్టిన ప్రశ్నయే నేడును పుట్టుచున్నది: అనుదినము మనము బ్రతుకు తెరువునకై వాడుకొనుదానిపై అధికారమెవరిది?

లినక్సు స్వదేశియా యని మమ్ము ప్రశ్నించువారు కలరు. పుట్టుకచే కాదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించెను; 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును లోకమునకు విడిచెను. దీనికిని లైసెన్సు కలదు. కాని ఆ లైసెన్సు చదువుము, దిద్దుము, పంచుము అని చెప్పుచు, పంచినప్పుడు ఇతరులకు నవే స్వేచ్ఛలు మిగుల్పుమని మాత్రమే షరతు పెట్టుచున్నది. ఊరుమ్మడి బీడునకు ఎవ్వడును కంచె వేయరాదన్న కట్టుబాటు వంటిది. కనుకనే స్వేచ్ఛ యను సంస్థవారు దానికి తెనుగు మాటలు నేర్పగలిగిరి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు కంప్యూటరు విద్యకు దీనినే వాడుచున్నవి. మన వకీలు సోదరు లొక్కింత యాలోచింపవలెను: ఈ-కోర్టుల ప్రణాళికలో సుప్రీంకోర్టు ఈ-కమిటీవారు ఉబుంటు లినక్సునే యెన్నుకొని, న్యాయాధికారులకు దానిలో శిక్షణ యిప్పించిరి. న్యాయపీఠమునకు తగినది మన గుమాస్తాకు తగదా?

ఇక కార్యక్రమము. యంత్రము 64 బిట్లదై, 4 జీ.బీ. ర్యాము గలదైనచో దానిని పారవేయకుడు. పిడుగురాళ్ల సున్నపు దుమ్ము ఫ్యానులో పేరుకొనియున్నచో తుడిపింపుడు. పాత హార్డు డిస్కుకు మారుగా ఎస్.ఎస్.డి. వేయింపుడు, వీలైనచో ర్యామును 8 జీ.బీ.లకు పెంపుడు. లినక్సు మింటు ఎక్స్‌ఎఫ్‌సీఈ గాని లుబుంటు గాని వేసిన యెడల అర్జీలు, ఉత్తరములు, లెక్కలు, వార్తాపఠనము సుఖముగా సాగును. 32 బిట్ల యంత్రమైనచో మొగమోటము వలదు. ఉబుంటువారు 2017లో అట్టివానికి డెస్క్‌టాప్ ప్రతుల నిచ్చుట మానిరి. 2025లో వెలువడిన డెబియన్ 13 సైతము వానిపై క్రొత్తగా స్థాపించుకొను వీలును తీసివేసినది. అది నిజముగా ముదిసిన యంత్రము. అందలి కాగితపత్రములను భద్రపరచి, ఈ-వ్యర్థముల నధికారికముగా సేకరించువారి కప్పగించుటయే న్యాయము.

క్రొత్తది కొనునప్పుడు ముందుగా లినక్సును పెన్‌డ్రైవులో నెక్కించుకొని దుకాణమునకు పొండు. యంత్రమునందేమియు స్థాపింపకయే దానితో నడిపించి చూడవచ్చును. వైఫై, ధ్వని, తెర, ప్రింటరు పనిచేసిన పిదపనే పైకము చెల్లింపుడు. నిన్ననే వెలువడిన నమూనాకంటె ఏడాది పాతది మేలు. ఏలయన క్రొత్త చిప్పులకు లినక్సులో డ్రైవర్లు చేరుటకు కొంతకాలము పట్టవచ్చును. విండోసు లేకుండ డాస్‌తో గాని ఉబుంటుతో గాని అమ్ముడగునవి కలవు, అట్టివానినే యడుగుడు. వలదన్న వస్తువునకు వెల యేల చెల్లింపవలెను?

ఆక్షేపణలను మేము దాటవేయము. డి.టి.పి.వారి అను ఫాంట్లు, పేజిమేకరు, వర్తకుల ట్యాలీ విండోసునకై చేయబడినవి. నిజమే. అట్టి పనికి పాత యంత్రము నొకదానిని ఇంటర్నెట్టునుండి తొలగించి యుంచుకొనుడు. కాని క్రొత్త వ్రాతలనైన యూనికోడులో వ్రాయుడు. అను అక్షరములలో కూర్చిన దస్తావేజును ఆ ఫాంటు లేనిచోట తెరచినచో తెనుగు కానరాదు. మన భాష యొక సరకునకు కట్టువడియున్నదనుట కింతకంటె నిదర్శనమేల? మార్చు సాధనములు కలవు. మార్చిన పిదప ప్రూఫు చూచుకొనవలెను. డిజిటలు సంతకపు టోకెను వాడువారు దానికి లినక్సు డ్రైవరు కలదా యని కొనుటకు ముందే విచారింపవలెను. కొన్నినాళ్లు శ్రమ తప్పదు. శ్రమలేని స్వాతంత్ర్యమెక్కడ?

2022లో పల్నాడు జిల్లా యేర్పడినది. మన పట్టణములందలి సంఘములు, గ్రంథాలయములు, కార్యాలయములు నేడో రేపో కంప్యూటర్లను కొనకమానవు. సోదరులారా! కొటేషను పిలుచునప్పుడు అందొక పంక్తి చేర్పుడు: "లినక్సుతో నడచునట్లు మా యెదుట నిరూపింపవలెను." పదిమంది యిట్లడిగిన నాడు దుకాణదారు తానే లినక్సు నేర్చును. బారు సంఘములును పఠనమందిరములును ఈ మాసపు సమావేశములలోనే ఈ తీర్మానము చేయవలెనని కోరుచున్నాము.